తూకం వాళ్లది, మోత మనది

2025 మే 7 సాయంత్రం నాలుగు గంటలకు హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. యుద్ధం వస్తే జనం ఏం చెయ్యాలో నేర్పే కసరత్తు అన్నారు. ఆ కసరత్తుకు సర్కారు ఎంచుకున్న చోట్లు నాలుగు: సికింద్రాబాద్ కంటోన్మెంటు, గోల్కొండ, కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీఓ, మౌలాలి ఎన్‌ఎఫ్‌సీ. శత్రువు బాంబు వేస్తే ఎక్కడ వేస్తాడో సర్కారే వేలుపెట్టి చూపించింది.

యాప్రాల్ వాళ్లకు ఈ మ్యాపు ఎవరూ విప్పి చూపనక్కర్లేదు. ఒకపక్క కంటోన్మెంటు, ఇంకోపక్క ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ. మధ్యలో ఇళ్లల్లో గిన్నెలు తోమే అక్కలు, సెంట్రింగు కూలీలు, ఆటో నడిపే తమ్ముళ్లు, చెత్తబండ్లు నెట్టే అన్నలు. సికింద్రాబాద్ పోవాలంటే మిలిట్రీ రోడ్లే దిక్కు. గేటు తెరిస్తే పోవాలె, మూస్తే చుట్టు తిరిగి పోవాలె. ఆ రోడ్లకు ఇప్పటికీ వెల్లింగ్టన్, గాఫ్ అని తెల్ల జనరళ్ల పేర్లు. దేశభక్తి గురించి మనకు పాఠం చెప్పేవాళ్లకు ఆ బోర్డులు మాత్రం కంట్లో నలుసు కాలేదు.

పహల్గాంలో ఏప్రిల్ 22న 26 మంది అమాయకుల్ని కాల్చి చంపారు. అది దుర్మార్గం. దాన్ని ఏ నోటితోనూ సమర్థించం. మే 7 నుంచి 10 దాకా రెండు దేశాలూ క్షిపణులు, డ్రోన్లు విసురుకున్నాయి. ఆ నాలుగు రోజులూ టీవీలు కూరగాయల బజారు అయిపోయాయి. మనకు ఇన్ని విమానాలు, వాళ్లకు అన్ని. మన అగ్ని ఇంత దూరం పోతుంది, వాళ్ల షాహీన్ అంత దూరం వస్తుంది. దీనికి వాళ్లు పెట్టుకున్న పెద్ద పేరు సైనిక సమతుల్యం. అంటే తూకం. త్రాసులో ఒక తట్ట ఢిల్లీది, ఒక తట్ట ఇస్లామాబాద్‌ది. బాగానే ఉంది. ఆ త్రాసును భుజాన మోస్తున్నదెవరు? ఈ ప్రశ్న ఒక్క చానెల్ అడగలేదు. మేం అడుగుతున్నాం.

ముందు వాళ్ల లెక్క వాళ్ల నోటితోనే విందాం. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం మొదలైంది. మంజూరైంది 388 కోట్లు. దాని గుండెకాయ మన కంచన్‌బాగే. పృథ్వి, అగ్ని, త్రిశూల్, ఆకాశ్, నాగ్ అని అయిదు పేర్లు పెట్టారు. 1988 ఫిబ్రవరిలో పృథ్వి లేచింది. 1989 మేలో అగ్ని లేచింది. అవతల పాకిస్తాన్ 1998 ఏప్రిల్‌లో ఘోరీని లేపింది. పృథ్వి అంటే నేల అనే అర్థం, కానీ వాళ్లు అందులో పృథ్వీరాజును చూసి, అతన్ని ఓడించిన ఘోరీని తెచ్చారు. తర్వాత గజ్నవీ, బాబర్. వందల ఏండ్ల కింద సింహాసనం కోసం కొట్టుకున్న రాజులు ఇవాళ రాకెట్లయి మళ్లీ కొట్టుకుంటున్నారు. ఆ రాజుల కాలంలో మన ముత్తాతలు ఊరి బయటే ఉన్నారు. ఈ రాకెట్ల కాలంలో మనం ఇంకా ఊరి బయటే ఉన్నాం.

1974లో పోఖ్రాన్‌లో మొదటి అణుపరీక్ష చేసి దానికి బుద్ధుడి నవ్వు అంటగట్టారు. 1998లో మళ్లీ పేల్చిన మే 11 సరిగ్గా బుద్ధ పూర్ణిమ. బాబాసాహెబ్ 1956లో లక్షల మందితో కలిసి ఏ బుద్ధుణ్ణి శరణు కోరాడో, ఆ బుద్ధుణ్ణి వీళ్లు బాంబు మీద అచ్చువేశారు. గుళ్లోకి మనల్ని రానియ్యరు. మనం వెతుక్కున్న బుద్ధుణ్ణి కూడా మనకు మిగలనియ్యరు.

స్టాక్‌హోమ్ శాంతి పరిశోధనా సంస్థ 2025 అంచనా ప్రకారం ఇండియా దగ్గర 180 అణ్వాయుధాలు, పాకిస్తాన్ దగ్గర 170. తూకం దాదాపు సరిపోయింది. ఇంక భయం లేదంటారు పండితులు. ఇద్దరి దగ్గరా బాంబు ఉంటే ఎవ్వడూ వెయ్యడంట. ఈ భరోసా ఎంత గట్టిదో 2022 మార్చి 9న తెలిసింది. ఆ రోజు మన వైపు నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున లేచి, పాకిస్తాన్ లోపలికి నూరు కిలోమీటర్లకు పైగా పోయి, మియాఁ చన్నూ అనే ఊరి దగ్గర పడింది. దానికి బాంబు తగిలించి లేదు కాబట్టి బతికాం. ముగ్గురు వైమానిక దళ అధికారుల్ని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఖజానాకు 24 కోట్ల నష్టమని సర్కారే కోర్టులో చెప్పుకుంది. అవతలివాడు ఆ రోజు తొందరపడి ఉంటే? క్షిపణి వచ్చేది నిమిషాల్లో. ఆ నిమిషాల్లో ఢిల్లీ పెద్దలకు నేలమాళిగలుంటాయి. యాప్రాల్‌లో రేకుల కప్పు కింద పడుకున్న తల్లికి ఏముంటుంది?

సరే, దేశం అన్నాక సైన్యం ఉండాలి అంటారు. ఉండాలి. మేమూ కాదనం. అసలు సైన్యంతో మన చరిత్ర ఈ టీవీ దేశభక్తుల చరిత్ర కంటే పాతది. బాబాసాహెబ్ పుట్టిందే మౌ కంటోన్మెంటులో. ఆయన తండ్రి రాంజీ సుబేదారు, సైనిక బడిలో పంతులు. తెల్లవాడు వచ్చి మనల్ని ఉద్ధరించాడని కాదు, వాడికి తుపాకీ పట్టే చెయ్యి కావాలి కాబట్టి పలక కూడా పట్టనిచ్చాడు. తర్వాత జాతుల సిద్ధాంతం వచ్చింది. మద్రాసు సైన్యానికీ, ఆపైన మొత్తం ఇండియా సైన్యానికీ అధిపతిగా పనిచేసిన రాబర్ట్స్ దొర దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చాడు. తెలుగువాళ్ల పటాలాలు కరిగిపోయాయి. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆపేశారు. 1917లో ప్రపంచ యుద్ధంలో మనుషులు చాలకపోతే మహర్లను పిలిచారు. యుద్ధం అయిపోయాక వాళ్ల పటాలం రద్దు. మళ్లీ యుద్ధం వస్తే 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు. చమార్ రెజిమెంటు 1946లో రద్దు. పెండ్లికి పిలిచి, పందిట్లో వంట చేయించుకుని, బంతికి కూర్చోబెట్టకుండా పంపేసినట్టు!

దొరలు పోయారు. దొరల కొలబద్ద పోలేదు. యాప్రాల్‌కు దగ్గర్లోనే బొల్లారం రాష్ట్రపతి నిలయం ఉంది. రాష్ట్రపతి త్రివిధ దళాలకూ అధిపతి. ఆయన చుట్టూ గుర్రాల మీద నిలబడే అంగరక్షక దళంలోకి భర్తీ చేసుకునేది మూడు వర్గాలనే: జాట్లు, రాజ్‌పుత్‌లు, సిక్కులు. దీనిమీద కోర్టుకు పోతే సైన్యం చెప్పిన జవాబు, ఎత్తూ రూపూ ఒక్కతీరుగా ఉండాలని. 1998లో పోఖ్రాన్ పేలినప్పుడు, 1999లో కార్గిల్ జరిగినప్పుడు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్. దళితుడు. 2022 మార్చిలో బ్రహ్మోస్ జారిపడినప్పుడు రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్. దళితుడు. అణుబాంబున్న సైన్యానికి దళితుడు అధిపతి కావచ్చు. ఆ అధిపతి వాకిట్లో దళితుడు ఈటె పట్టుకుని నిలబడటానికి మాత్రం పనికిరాడు. ఇదీ వీళ్ల తూకం.

క్షిపణులు తయారయ్యే ప్రయోగశాలల సంగతి చూడండి. 1975లో కేంద్రం ఒక ఉత్తర్వు ఇచ్చింది. పరిశోధన చేసే, చేయించే శాస్త్ర సాంకేతిక పోస్టుల్లో, గ్రూప్-ఎ మొదటి మెట్టు దాటినవాటికి రిజర్వేషన్ వర్తించకుండా మినహాయించవచ్చని. అంటే గడప దాకా రండి, నడింట్లోకి రావద్దు అని. కింద కాగితాలు మోసేవాడి కులం ప్రతిభకు అడ్డురాదు, పైన సంతకం పెట్టేవాడి దగ్గరికొచ్చేసరికి దేశరక్షణ గుర్తొస్తుంది. ఇదే హైదరాబాద్‌లో పుట్టిన క్షిపణిని చూసి తెలుగువాళ్లంతా గర్వపడాలని రాస్తారు. గర్వపడతాం. ముందు ఆ ల్యాబుల్లో డైరెక్టర్ల గదుల నుంచి కాంటీను దాకా ఏ కులం వాళ్లు ఏ కుర్చీలో ఉన్నారో గోడమీద రాసిపెట్టండి. ఆ గోడ చూసి ఎంత గర్వపడాలో మేం తేల్చుకుంటాం.

మరి తుపాకీ పట్టే పిల్లల సంగతి? 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్ తగలబడింది. సైన్యంలో చేరడానికి ఏండ్ల తరబడి తెల్లారకముందే లేచి రోడ్లమీద ఉరికిన పిల్లలు వాళ్లు. అగ్నిపథ్ అని తెచ్చి, ఉద్యోగం నాలుగేండ్లే, నూటికి ఇరవై అయిదు మందినే ఉంచుకుంటాం అన్నారు. పిల్లలు తిరగబడ్డారు. పోలీసు తూటాకు వరంగల్ జిల్లా బిడ్డ ఒకడు అక్కడే ప్రాణం విడిచాడు. దేశం కోసం సరిహద్దులో చావడానికి సిద్ధపడినవాణ్ణి ప్లాట్‌ఫారం మీద చంపిన దేశం ఇది. అగ్ని అనే పేరు రాకెట్టుకు పెడితే దానికి బడ్జెట్ ఎప్పటికీ తెగదు. అదే పేరు పేదోడి బిడ్డకు పెడితే నాలుగేండ్లకే తెగిపోతుంది.

2025 మేలో నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో శ్రీ సత్యసాయి జిల్లాలోని ఒక సుగాలి తండా పిల్లగాడు చనిపోయాడు. అగ్నివీరుడే. మంత్రులు పోయారు, తుపాకులు పేల్చి వందనం చేశారు, పైసలిచ్చారు. కాదనం. కానీ అగ్నివీరుడు చనిపోతే, పక్కనే నిలబడి చనిపోయిన మామూలు సిపాయి ఇంటికి వచ్చే కుటుంబ పింఛను వాడి తల్లికి రాదు. ఒకే తూటా, ఒకే నెత్తురు, రెండు లెక్కలు. చావులో కూడా మెట్లు కట్టిన దేశానికి సమతుల్యం అనే మాట నోట్లోకి ఎట్లా వస్తుంది?

ఇట్లా లెక్క అడిగితే దేశద్రోహి అంటారు. అట్లయితే మొదటి దేశద్రోహి బాబాసాహెబే. 1951 సెప్టెంబరు 27న ఆయన నెహ్రూ మంత్రివర్గానికి రాజీనామా ఇచ్చాడు. సభలో చెప్పుకోనివ్వకపోతే అక్టోబరు 10న తన ప్రకటన బయటపెట్టాడు. హిందూ కోడ్ బిల్లును ముంచారని అందులో ఉన్న సంగతి అందరూ చెబుతారు. దళితుల్ని పట్టించుకోలేదని ఉన్న సంగతి కొందరు చెబుతారు. సైన్యం ఖర్చు గురించి ఉన్న సంగతి ఎవరూ చెప్పరు. ఏడాదికి మనకొచ్చే 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క కట్టి చూపాడు. ఇది మన విదేశాంగ విధానం పెట్టిన ఖర్చు అన్నాడు. ఆకలిగొన్న జనానికి తిండి దొరకడమూ, పరిశ్రమలు నిలబెట్టడానికి సాయం దొరకడమూ కష్టమైపోయిందన్నాడు. పాకిస్తాన్‌తో తగవుకు మూలమైన కాశ్మీర్ గురించి కూడా కుండబద్దలు కొట్టాడు.

గుర్తుపెట్టుకోండి, ఇది సైన్యం వద్దన్నవాడి మాట కాదు. సుబేదారు కొడుకు మాట. మహర్లను సైన్యంలోకి మళ్లీ తీసుకోవాలని కొట్లాడినవాడి మాట. దేశాన్ని కాపాడాలి, అట్లాగే దేశంలో ఉన్న మనుషుల్నీ కాపాడాలి, ఈ రెంటికీ ఒకే సంచిలోంచి పైసలు పోతాయి కాబట్టి లెక్క జనం ముందు పెట్టాలి. ఇదీ అంబేద్కర్ చూపిన దారి. ఇవాళ రక్షణ బడ్జెట్ 2025-26కు 6 లక్షల 81 వేల కోట్లు. మొత్తం కేంద్ర బడ్జెట్‌లో ఏడో వంతుకు కాస్త తక్కువ. అప్పటి సగం కంటే ఇది తక్కువ వంతే, నిజమే. కానీ 1951లో ఒక మంత్రి కుర్చీ వదిలి మరీ అడిగిన ప్రశ్నను, ఇవాళ రిజర్వుడు సీట్లలో గెలిచిన మన ఎంపీల్లో ఎంతమంది కుర్చీలో కూర్చునైనా అడుగుతున్నారు? యాప్రాల్‌ను ఆనుకునే ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంటు అసెంబ్లీ సీటు కూడా ఎస్సీ రిజర్వుడే. మిలిట్రీ గడ్డ మీద మన సీటు ఉంది. ఆ సీటులోంచి మన ప్రశ్న లేవాలి.

ఇప్పుడు సరిహద్దు అవతల చూద్దాం. అక్కడ మనకు శత్రువులున్నారంటున్నారు గదా, మనవాళ్లు కూడా ఉన్నారు. పాకిస్తాన్ మొదటి న్యాయశాఖ మంత్రి జోగేంద్రనాథ్ మండల్. తూర్పు బెంగాల్ నామశూద్రుడు. 1946లో బాబాసాహెబ్ బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు గెలవడానికి నడుం కట్టినవాడు. 1950 అక్టోబరులో, తనవాళ్లమీద జరుగుతున్న దాడుల్ని చూడలేక, ప్రధాని లియాఖత్ అలీకి పొడుగాటి రాజీనామా లేఖ రాసి కలకత్తా వచ్చేశాడు. ఏడాది తిరక్కుండా ఇక్కడ అంబేద్కర్ రాజీనామా. రెండు శత్రుదేశాలు. రెండింటి మొదటి న్యాయశాఖ మంత్రులూ అంటరానివాళ్లే. న్యాయం దొరకదని ఇద్దరూ బయటికొచ్చారు. ఇంతకంటే సరైన సమతుల్యం ఏ పండితుడైనా చూపగలడా?

1947లో విభజన జరిగి అందరూ ఇటు అటు పోతుంటే, కరాచీలో పాకీవాళ్లను పోనివ్వలేదు. అత్యవసర సేవ అని చట్టం అడ్డుపెట్టారు. ఎందుకని అప్పటి మన హైకమిషనర్ శ్రీప్రకాశ అడిగితే, వాళ్లు పోతే కరాచీ వీధులూ దొడ్లూ ఎవరు శుభ్రం చేస్తారని లియాఖత్ అలీ అన్నాడట. ఆ సంగతి శ్రీప్రకాశే రాసుకున్నాడు. అంబేద్కర్ ఆ డిసెంబరులోనే నెహ్రూకు ఉత్తరం రాసి మొరపెట్టుకున్నాడు. మతం పేరుతో లక్షలమందిని తరిమిన రాజ్యం, పాకీవాణ్ణి మాత్రం మతం చూడకుండా ఆపుకుంది! 2019లో పాకిస్తాన్ సైన్యం పారిశుధ్య ఉద్యోగాలకు ప్రకటన ఇస్తూ క్రైస్తవులే దరఖాస్తు చేయాలన్నది. ఆ క్రైస్తవుల్లో ఎక్కువమంది ఎవరు? మతం మారిన పంజాబీ అంటరానివాళ్లు. గొడవ చేస్తే ఆ షరతు తీసేశారు. 2025 మే తర్వాత అక్కడి సర్కారు మొత్తం బడ్జెట్‌ను తగ్గించి, రక్షణ ఖర్చును మాత్రం అయిదో వంతు పెంచింది. ఆ కోత ఎవరి కంచంలో పడుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మన దగ్గర? పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం చేశారు, 2013లో మళ్లీ చేశారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ పదకొండేండ్లు కోర్టులో కొట్లాడితే 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా 2019 నుంచి 2023 దాకా మురుగు కాల్వల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగి 377 మంది చనిపోయారని సర్కారే పార్లమెంటులో చెప్పింది. అగ్ని-5 అయిదు వేల కిలోమీటర్లు పోతుంది. ఇరవై అడుగుల మ్యాన్‌హోల్‌లోకి ఇంకా మనిషే పోతున్నాడు. చేతగాక కాదు. అక్కడికి పంపడానికి మనం ఉన్నాం కాబట్టి యంత్రం అక్కర్లేదు. క్షిపణుల విషయంలో ఢిల్లీకీ ఇస్లామాబాద్‌కూ వంద గొడవలుండొచ్చు. మురుగులోకి ఎవడు దిగాలనే దగ్గర మాత్రం ఇద్దరికీ ఏ గొడవా లేదు.

రాజ్యానికి గురి లేదని కూడా అనుకోవద్దు. అయిదు వేల కిలోమీటర్ల అవతల గురి తప్పదని చెప్పుకునే రాజ్యమే, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని నరికినవాళ్ల దగ్గర గురి తప్పింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన పల్లెల మీద దాడులు సరిహద్దు దాటి రావు. ఊళ్లోంచే వస్తాయి. ఆ శత్రువు మీద ఏ రాడార్ పనిచెయ్యదు.

రాడార్ అంటే గుర్తొచ్చింది. వికారాబాద్ దామగుండంలో 2,900 ఎకరాల అడవిని నేవీ రాడార్ కేంద్రానికి ఇచ్చి, 2024 అక్టోబరు 15న రాయి వేశారు. సముద్రం లోపల ఉండే జలాంతర్గాములతో మాట్లాడే కేంద్రం అది. అక్కడ పశువులు మేపుకునేవాళ్లు, అడవిని నమ్ముకున్న తండాలవాళ్లు నెత్తీనోరూ మొత్తుకున్నా వినలేదు. పేదలు ఇంటి జాగా అడిగితే దొరకని భూమి, తూకం కోసమంటే రాత్రికి రాత్రి దొరుకుతుంది.

కాబట్టి మా మాట ఇది. పాకిస్తాన్‌తో యుద్ధం వద్దు, మాటలు కావాలి. అణుబాంబుల పోటీలో గెలిచినవాడు లేడు. 1975 ఉత్తర్వు రద్దు చేసి, రక్షణ పరిశోధనశాలల్లో పై మెట్టు దాకా రిజర్వేషన్ అమలు చెయ్యాలి. సైన్యంలో, అంగరక్షక దళంలో కులం చూసి చేసే భర్తీ ఎత్తెయ్యాలి. అగ్నిపథ్ తీసేసి పాత భర్తీ పెట్టాలి, చనిపోయిన ప్రతి సిపాయి ఇంటికీ ఒకే పింఛను ఇవ్వాలి. కంటోన్మెంటుల్లో సఫాయి పనిచేసే కాంట్రాక్టు కార్మికుల్ని పర్మనెంటు చెయ్యాలి. బంగళాల వెనక సర్వెంట్ క్వార్టర్లలో ఉంటూ, తలదాచుకునే ఆ గదికి బదులు చాకిరీ చేస్తున్న కుటుంబాలకు ఇల్లు వేరే, జీతం వేరే ఇవ్వాలి. మురుగులోకి మనిషి దిగడం ఆగేదాకా, ప్రతి రక్షణ బడ్జెట్ పక్కనే సఫాయి యంత్రాల బడ్జెట్ పెట్టి సభలో చదవాలి.

యాప్రాల్, అమ్ముగూడ, బొల్లారం, అల్వాల్ వాడల్లోని అన్నలారా, అక్కలారా! రేపు మళ్లీ సైరన్ మోగుతుంది. టీవీలో మళ్లీ రాకెట్లు లెక్కపెడతారు. మీ ఇంట్లో కూడా పిల్లలు ఎవరిది పెద్ద రాకెట్ అని అడుగుతారు. చెప్పండి, తప్పు లేదు. ఆ తర్వాత 350లో 180 లెక్క కూడా చెప్పండి. అంబేద్కర్, మండల్ ఇద్దరూ ఎందుకు కుర్చీలు వదిలారో చెప్పండి. కరాచీలో చీపురు పట్టినవాడూ, సికింద్రాబాద్‌లో చీపురు పట్టినవాడూ ఒకరికొకరు శత్రువులు కారని చెప్పండి. త్రాసు మోసేవాడు ఒక్కసారి భుజం వంచితే, రెండు తట్టలూ నేల మీదికి దిగాల్సిందే.

జై భీమ్!